కీజీ వారి వసారాలో కాయగూరల దండయాత్ర

ప్రబంధమన్నాక దేవతాస్తుతితో మొదలుపెట్టాలి. ఈ ప్రబంధానికి దేవతల కొదవేమీ లేదు. పైకప్పు నిండా కూర్చుని ఉన్నారు, నిలబడి ఉన్నారు, పవ్వళించి ఉన్నారు, కొందరు బొత్తిగా వస్త్రాల ఊసు మరచి మేఘాల మీద ఒరిగి ఉన్నారు. జూపిటర్, జూనో, నెప్ట్యూన్, ప్లూటో, మార్స్, వీనస్ మొదలైన ఆ సకల రోమక వేల్పులకూ గంపగుత్తగా ఒక దండం సమర్పించి, దయచేసి కాస్త ఒత్తిగిలమని వేడుకుని, వారి నెత్తిన వేలాడుతున్న అసలు కథానాయకుణ్ణి ఆవాహన చేస్తున్నాను. రావయ్యా సొరకాయా! నవమరకతమేదురకాయా, లతాపల్లకికానిలయా, కుసుమకిసలయఛత్రచామరవిరాజితా! నీకు అంగరక్షకులై నిలిచిన వంకాయల జంటతో, నీకెదురుగా పక్కున పగిలి నవ్వుతున్న అంజూరనాయికతో సహా విచ్చేసి, ఈ రచనను నిర్విఘ్నంగా నడిపించు.

ఇక పురవర్ణన. రోము నగరాన టైబర్ నది కుడిగట్టున త్రాస్తెవెరె అనే పేట. ఆ పేటలో సియెనా నుంచి వచ్చి స్థిరపడ్డ అగొస్తీనో కీజీ అనే షావుకారు. తోల్ఫా కొండల్లోని పటిక గనులు అతని గుప్పిట్లో ఉండేవి. బట్టకు రంగు పట్టాలంటే పటిక కావాలి కనుక అద్దకం తొట్టి ఎక్కడ పొంగినా దాని నురగలో కొంత కీజీ ఖాతాలో పడేది. పోపులు రెండో జూలియస్, పదో లియో అతని దగ్గర అప్పుపడ్డవారే. స్వర్గద్వారపు తాళంచెవులు మొలకు కట్టుకు తిరిగేవారే వాకిట్లో అప్పుకోసం నిలబడితే, ఆ ఇంటి కప్పు మీదికి స్వర్గం దిగిరావడంలో వింతేముంది? 1506లో బల్దసారె పెరూజ్జి అనే వాస్తుశిల్పి ఆ ఇంటికి నేల కొలిచాడు. తరవాతి కాలంలో ఫార్నెసె వంశంవారు కొనుక్కున్నందువల్ల దానికి విల్లా ఫార్నెసీనా అన్న పేరు నిలిచింది. డబ్బు పెట్టి కట్టించినవాడి పేరు ఇంటికి మిగలకపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

ఈ కీజీ విందుల గురించి ఒక కథ చెప్పుకుంటారు. భోజనాలయ్యాక వెండిపళ్ళేలను అతిథుల కళ్ళ ముందే నదిలోకి విసిరేయించేవాడట. ఊహించండి ఆ దృశ్యం! ఎంగిలి రసం ఇంకా ఆరని ఆ రజతమండలాలు దివిటీల వెలుగులో ధగద్ధగాయమానాలై, సుడిసుడిగా తిరుగుతూ, గాలిలో అర్ధచంద్రాలు గీసి, టైబర్ నల్లని వక్షం మీద ఛళ్ళుఛళ్ళున పడి మునుగుతుంటే, కార్డినళ్ళ కళ్ళలో కన్నీళ్ళు, రాయబారుల గుండెల్లో గుబగుబలు! నీళ్ళ అడుగున ముందే పన్ని ఉంచిన వలల సంగతి వాళ్ళకు తెలియదు. అర్ధరాత్రి దాటాక నౌకర్లు ఆ వలలు లాగి, పళ్ళేలు ఒక్కొక్కటే లెక్కపెట్టి, తుడిచి, పెట్టెలో పెట్టేవారట. కర్ణుడి వితరణ, కోమటి జాగ్రత్త ఒకే చేతిలో అమరిన మహానుభావుడు.

ఆ ఇంటి తోటవైపు అయిదు కమానుల వసారా ఒకటి. అతిథులు ఇంట్లోకి వచ్చేది అటునుంచే. 1517 ప్రాంతాన దాని కప్పు మీద ఒక పెళ్ళి గీయించాలని కీజీ సంకల్పం. పని అప్పగించింది మహాచిత్రకారుడు రాఫెల్‌కు. కథ రెండో శతాబ్దంలో అపులేయస్ లాటిన్‌లో చెప్పింది: సైకీ అనే రాకుమారి అందం చూసి జనం వీనస్ గుడికి పోవడం మానేశారు, వీనస్‌కు ఒళ్ళు మండి, ఆ పిల్ల పని పట్టమని కొడుకు క్యూపిడ్‌ను పంపింది, వెళ్ళినవాడు తన బాణం తనకే గుచ్చుకున్నట్టు ఆమె మీదే మనసు పడ్డాడు. అక్కణ్ణుంచి అత్తాకోడళ్ళ పోరు. గోధుమలు, బార్లీ, గసగసాలు, సెనగలు, చిక్కుడుగింజలు కలగలిపి కొండంత రాశి పోసి, రాత్రికల్లా వేరు చేయమంది ఆ అత్తగారు. సైకీ కూలబడితే చీమలదండు కదిలి వచ్చి గింజ గింజనూ ఏరిపెట్టింది. ఆ చీమలది రామసేతువు కట్టిన వానరసేనకు తీసిపోని ప్రతాపం. అయినా కీజీ వసారాలో వాటికి చోటు దొరకలేదు. కప్పు మీదికి ఎక్కింది దేవలోకఘట్టాలే. భూలోకంలో జరిగినదంతా కిందనే ఉండిపోయింది. ఈ అన్యాయాన్ని ఇక్కడ నమోదు చేసి ముందుకు సాగుతున్నాను.

రాఫెల్ గురించి వజారి తన చిత్రకారుల చరిత్రల్లో ఒక ముచ్చట రాశాడు. ఈ ఇంట్లో పని జరుగుతున్నప్పుడు ఆయన ఒక ప్రియురాలి ధ్యాసలో పడి కుంచె ముట్టడం మానేశాడట. అప్పులు వసూలు చేసి చేసి మనుషుల లోతు ఎరిగిన కీజీ ఏం చేశాడు? ఆ ప్రియురాలినే ఇంటికి పిలిపించి, చిత్రకారుడి కంటికి ఎదురుగా ఉండేలా ఏర్పాటు చేయించాడు. పని సాగింది. క్యూపిడ్ బొమ్మ గీయడానికి క్యూపిడ్‌నే జీతానికి పెట్టుకోవడమంటే ఇదే. అయినా కుంచెపని అధికభాగం శిష్యులది. బొమ్మల ఊహ, నమూనాలు గురువువి. ఒళ్ళూ రంగూ జూలియో రొమానో, జొవాన్‌ఫ్రాంచెస్కో పెన్ని వంటివారివి. కాయలు, పూలు, ఆకులు మొత్తంగా జొవాన్ని ద ఉదీనె అనే ఒక్క వీరుడివి. ఆ వీరుణ్ణి పిలిచేముందు యుద్ధభూమిని చూడాలి.

అదిగో, చీకటి విడకముందే తాపీ మేస్త్రి పరంజా ఎక్కాడు. చేతిలో తాపీ, తొట్టిలో సున్నం. ఆ సున్నం సామాన్యమైనదా? కొండకడుపున శిలయై పుట్టి, బట్టీలో అగ్నిప్రవేశం చేసి, నీళ్ళలో బుసబుస పొంగి, గోతిలో నెలల తరబడి మౌనవ్రతం పట్టి, వెన్నలా మెత్తబడి వచ్చిన తపస్వి. ఇసుకతో కలిపి దాన్ని గరుకుపూత మీద నున్నగా, పల్చగా పరిచాడు మేస్త్రి. పరిచింది మూరెడో బారెడో, ఆ రోజు గీయగలిగినంత మేరే. అంతే, కాలభైరవుడు గడియారం తిప్పాడు! తడి ఉన్నంతసేపే రంగు లోపలికి ఇంకుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆ సున్నం క్షణక్షణం పీలుస్తూ, తిరిగి రాయి కావాలని ఉవ్విళ్ళూరుతోంది. రాయి అయిన క్షణాన తలుపులు మూసుకుంటాయి. లోపల పడ్డ రంగు శాశ్వతంగా కోటలో నివాసి, బయట మిగిలిన రంగు రాలిపోయే బాటసారి.

కదిలింది సైన్యం! నమూనా కాగితం గోడకు ఆనింది. గీతల వెంట పొడిచిన సూదిబెజ్జాల మీద బొగ్గుపొడి గుడ్డమూట టపటపలాడితే, కాగితం తీసేసరికి తడిసున్నం మీద నల్లచుక్కల నక్షత్రమండలం! మరోచోట ఇనుపమొన కాగితం మీదనుంచే రేఖను నొక్కి మెత్తని సున్నంలో చాలు దున్నింది. ఎర్రమట్టి వచ్చింది, పచ్చమట్టి వచ్చింది, ఆకుపచ్చని మన్ను వచ్చింది, మసినలుపు వచ్చింది. నీళ్ళలో కలిసి కుంచెల కొనలెక్కి కప్పు వైపు దూకాయి. మెడలు విరిగేలా వెనక్కి వాలిన ఆ యోధుల గడ్డాల మీద, కనుబొమల మీద, తెరిచిన నోళ్ళలో సైతం రంగుచుక్కలు శరవర్షంలా రాలాయి. నీలం ఒక్కటే రానంది. ఆ అజురైటు నీలానికి సున్నంతో పొత్తు కుదరదు. గోడ పూర్తిగా ఆరాక, జిగురు పల్లకి ఎక్కించి తీరికగా తీసుకొస్తే తప్ప దయచేయని రాణివాసం అది. సాయంత్రానికి మేస్త్రి వచ్చి, గీయకుండా మిగిలిన తడిపూతను అంచు వెంట వాలుగా కోసి పారేశాడు. ఒక భుజం, అర తొడ, మూడు ద్రాక్షగుత్తులు: ఆనాటి జయం అంతే. మర్నాటి యుద్ధం ఆ కోసిన అంచు పక్కన మొదలవుతుంది. గోడను కంటికి దగ్గరగా చూస్తే ఆ రోజుల సరిహద్దులు సన్నని అతుకులుగా ఇప్పటికీ పట్టుబడతాయి.

జొవాన్ని ద ఉదీనె రాక. బుట్టాపనివాళ్ళ వంశం అతనిది. పూర్వులు దారంతో చేసిన పనిని ఇతడు సున్నం మీద రంగుతో చేశాడు. నీరో చక్రవర్తి పూడిపోయిన బంగారుసౌధంలోకి రాఫెల్‌తో పాటు దిగి, పాతాళగుహల్లాంటి ఆ గదుల కప్పుల మీద ప్రాచీనుల లతలను, వింతజంతువులను, తెల్లని గచ్చుబొమ్మలను కళ్ళారా చూసి, ఆ గచ్చు గుట్టు మళ్ళీ కనిపెట్టినవాడు. వసారా కప్పును తోటలోని పందిరిలా మార్చాలన్నది ఎత్తుగడ. కమానుల పక్కటెముకలన్నిటికీ పూలదండలు చుట్టాలి. ఇదే అదనుగా ఇతడు శంఖం పూరించాడు.

ఓహోహో, ఏమా సేనావాహిని! జంబీరనారంగదాడిమీద్రాక్షాసందోహం మొదటి వరుస. ఆపిళ్ళు, బేరిపళ్ళు, రేగుపళ్ళు, బాదంకాయలు కవచధారులై వెనక. గులాబీలు, మల్లెలు, లిల్లీలు ధ్వజచ్ఛత్రచామరాలు. వెల్లుల్లి, ముల్లంగి, చిక్కుడుకాయలు పదాతిదళం. ఏ దేవతకైనా ఇంతటి పరివారం ఉందా? ఇందులో వంకాయ వంశాన్ని మనం కాస్త ఆగి స్మరించాలి. ఆ మహానుభావుడు మన వైపువాడు. ఈ ఆసియా గడ్డ మీద పుట్టి, మన పెరళ్ళలో పెరిగి, అరబ్బు వర్తకుల చేతుల మీదుగా మధ్యధరా తీరాలు దాటి, ఇటలీ చేరి, పోపులు తల ఎత్తి చూసే కప్పు మీద ఊదారంగు పట్టుకోకతో, ఆకుపచ్చని తురాయితో వెలిశాడు. నూనెలో మగ్గాల్సినవాడు సున్నంలో అమరుడయ్యాడు.

అటు పడమటి కడలి నుంచి మరొక దళం. కొలంబస్ మొదటి ప్రయాణం ముగించుకుని తిరిగొచ్చింది 1493లో. ఆ తరవాత పట్టుమని పాతికేళ్ళైనా నిండకుండానే అమెరికా గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు ఈ కప్పెక్కి కూర్చున్నాయి. పొత్తి ఒలిచిన కంకి, బంగారు పలువరుస బయటపెట్టి, కొత్త అల్లుడిలా దండల మధ్య నుంచి తొంగిచూస్తోంది. యూరపు చిత్రాల్లో మొక్కజొన్న మొహం కనిపించిన తొలి తావుల్లో ఇదొకటి. దాన్ని వండుకు తినడం రోములో ఎందరికి తెలుసో కానీ, క్యూపిడ్ పెళ్ళికి అది బంధువుల వరుసలో ముందే కూర్చుంది.

ఇంత సేన కదులుతుంటే దేవతల ఆయుధాలు ఏమయ్యాయి? పిల్లలెత్తుకుపోయారు. కప్పు చుట్టూ ఉన్న 14 త్రికోణపు గూళ్ళలో రెక్కల పసివాళ్ళు తిరుగుతున్నారు. బుగ్గలు ఉబ్బించి, పొట్టలు బిగించి, జూపిటర్ పిడుగును ఒకడు మోస్తుంటే పక్కన గద్ద బిక్కమొహం వేసింది. నెప్ట్యూన్ త్రిశూలం ఒకడి చేతిలో బొంగరం తాడైపోయింది. ప్లూటో ద్వారం కాచే మూడుతలల కుక్క తన మూడు నోళ్ళూ ఉండి కూడా ఏమీ చేయలేకపోయింది. నేమియా సింహాన్ని చావబాదిన హెర్క్యులిస్ గద బరువుకు బుడతల మోకాళ్ళు వంగుతున్నాయి, అయినా వదలరు. చివరి గూట్లో ఒక బుడతడు సింహాన్నీ సముద్రపు గుర్రాన్నీ ఒకే పగ్గాన కట్టి తోలుతున్నాడు. నేలా నీరూ రెండూ ఆ అరచేతి కింద. ఆ గూళ్ళ కిందినుంచి నడిచిపోయే రాయబారికి, తన నడుముకున్న కత్తిని ఒకసారి తడిమి చూసుకోవాలని అనిపించదా?

ప్రేమఘట్టాలు పది, కమానుల మధ్య కోణాల్లో. అన్నీ సమానం కావు. పావురాల రథమెక్కి ఫిర్యాదు చేయడానికి బయల్దేరిన వీనస్ నాకు మహా ఇష్టం. ఆ పావురాల వీరత్వాన్ని తలచండి: గుప్పెడేసి రొమ్ములు, పోగుల్లాంటి కాళ్ళు, ఒక దేవత సంపూర్ణ శరీరభారాన్ని, దానికి తోడు సంపూర్ణ కోపభారాన్ని ఆకాశంలోకి లాగుతున్నాయి! సూర్యుడి ఏడు గుర్రాలూ ఈ పని ఒప్పుకునేవి కావు. మరోచోట జూపిటర్ క్యూపిడ్ గడ్డం పట్టుకుని బుగ్గ మీద ముద్దు పెడుతున్నాడు. ముల్లోకాలను గడగడలాడించే ఆ గడ్డంలో చిక్కుకుని కుర్రవాడి బుగ్గ ఎంత గరగరలాడిందో! ఆ ఒక్క ముద్దుతో పెళ్ళి ఖాయమైంది. మిగతా దేవసభ అంతా లాంఛనం.

ఆ లాంఛనం నడినెత్తిన రెండు పెద్ద తెరలుగా పరిచి ఉంది, అంచుకు వలయాలు కుట్టి పందిరికి కట్టిన జలతారు తెరల్లా. ఒకదానిలో దేవసభ, సైకీకి దేవదూత మెర్క్యురీ అమృతపాత్ర అందిస్తున్నాడు. రెండోదానిలో పెళ్ళివిందు. బల్ల చివర వధూవరులు ఒరిగి ఉన్నారు; గ్రేసులనే సౌందర్యదేవతలు ముగ్గురూ వారి వెనక పరిమళద్రవ్యాలు చిలకరిస్తున్నారు; బాకస్ మద్యం పోయిస్తున్నాడు; నిన్నటిదాకా గసగసాలు ఏరించిన అత్తగారు ఇప్పుడు ఆడుతోంది! కీజీ స్వయంగా 1519లో ఫ్రాంచెస్కా ఒర్దెయాస్కిని పెళ్ళాడినప్పుడు పదో లియో పోపే మంత్రాలు చదివాడు. ఎన్నాళ్ళుగానో కలిసి కాపురం చేసి పిల్లల్ని కన్నాక జరిగిన పెళ్ళి అది. క్యూపిడ్, సైకీలది కూడా అదే వరస కనుక కప్పు మీద ఎవరూ ముక్కున వేలేసుకోలేదు.

ఇక మహాయుద్ధం. సైకీ జాడ చెప్పినవారికి వీనస్ ఏడు ముద్దులు బహుమానమని లోకానికి చాటడానికి మెర్క్యురీ దిగివస్తున్నాడు. రెక్కల టోపీ, రెక్కల పాదాలు, పైకి ఎత్తిన చెయ్యి. ఆ చేతికి సరిగ్గా పైన చూడండి. చూసి, పెద్దలు పక్కనుంటే కాస్త దగ్గండి. అక్కడ ఘనకాయుడైన సొరకాయ, మూలాన రెండు వంకాయలను అమర్చుకుని, మన్మథధ్వజంలా నిక్కి, సమరసన్నాహంతో దూసుకొచ్చి, మగ్గి పగిలిన ఒక అంజూరపు పండు హృదయకవాటాన్ని భేదించి నిలిచాడు! ఆకులు కంపించాయి. ద్రాక్షగుత్తులు కళ్ళు మూసుకున్నాయి. దానిమ్మలు సిగ్గుతో మరీ ఎర్రబడ్డాయి. కప్పు మీద అంతమంది దిగంబరులుండగా, పదిమంది నోట పడేంత శృంగారం చేసినవి మూడు కాయలూ ఒక పండూ! మెర్క్యురీ చేతిని అటే చూపిస్తూ ఉంచడం చిత్రకారుల కుట్రే అయి ఉండాలి. ఇది నా కంటి దోషమని అనుకోకండి. వజారి అంతటివాడు తన పుస్తకంలో ఈ సొరకాయను, వంకాయలను, అంజూరాన్ని పేరుపేరునా వర్ణించి, ఆ చమత్కారాన్ని మెచ్చుకున్నాడు.

పక్క గదిలో మరొక ప్రేమ ఉంది కానీ అది దుఃఖాంతం. రాఫెల్ గీసిన సముద్రకన్య గలతియా, ఆల్చిప్ప రథమెక్కి డాల్ఫిన్లతో లాగించుకుంటూ పారిపోతోంది. సెబాస్తియానో దెల్ ప్యోంబో గీసిన ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్ వేరే చట్రంలో కూలబడి అటే చూస్తున్నాడు. గోడ మీది ఒక్క అంచు దాటితే చాలు, కానీ చేరలేడు. ఆ పరుగులో డాల్ఫిన్ ఒకటి ఆక్టోపస్‌ను నోట కరిచిన సంగతి మాత్రం వదలలేను. పైన బాణాలు గురిపెట్టే మన్మథబాలురు, చుట్టూ కౌగిళ్ళు, శంఖనాదాలు, ఈ కల్లోలంలో తన టిఫిను తాను చూసుకున్న జలచరం అదొక్కటే!

వసారా తెర తీసిన కొత్తలో విమర్శకులు ఊరుకోలేదు. అంతటి గురువుకు ఇది తలవంపని, రాఫెల్‌కు పోటీదారైన మైకెలాంజిలో పక్షంవారు ఉత్తరం రాసుకున్నారు. కాయగూరల మీద ఒక్క ఫిర్యాదు లేదు. 1520 ఏప్రిల్ 6న రాఫెల్ పోయాడు. అయిదు రోజులకే, 11న, కీజీ కూడా పోయాడు. ఆ తరవాత వసారాకు కాపు లేకుండా పోయింది. తోటవైపు తెరిచి ఉన్న కమానుల గుండా ఎండ వచ్చింది, వాన వచ్చింది, టైబర్ చెమ్మ వచ్చింది. పూతలు ఉబ్బాయి, నీలం రాలింది. 17వ శతాబ్దం చివర కార్లో మరాట్టా అనే చిత్రకారుడు పరంజా ఎక్కి, ఊడిపోతున్న సున్నాన్ని మేకులతో కప్పుకు బిగించాడు. టంగ్! జూనో భుజం పక్కన. టంగ్! క్యూపిడ్ రెక్క కింద. దేవతలు శరీరాన మేకులు దిగుతుంటే ఉలకలేదు, పలకలేదు. వెలిసిన ఆకాశానికి కొత్త నీలం కూడా ఆయనే పూయించాడు. కమానులకు ఇప్పుడు అద్దాలున్నాయి.

ఎట్టకేలకు వృక్షశాస్త్రజ్ఞులు వచ్చారు. తలలెత్తి నిలబడ్డారు. వీనస్ ఒయ్యారంగా ఒరిగింది, చూడలేదు. గ్రేసులు వీపు తిప్పారు; గమనించలేదు. వారి చూపంతా దండల మీదే. ఏ ఆకు ఏ తీగెది, ఏ కాయ ఏ ఖండానిది, ఏది అసలు గుమ్మడి, ఏది పాతలోకపు సొర అని వాదించుకున్నారు. జూలియా కనేవా అనే పండితురాలు 160కి పైగా మొక్కజాతులను గుర్తించి, 1992లో పుస్తకం వేసింది. ఆనాటినుంచి ఆ కప్పు వ్యవసాయ విజ్ఞానానికి ప్రమాణపత్రం. మొక్కజొన్న అట్లాంటిక్ దాటిన తేదీ తేల్చాలన్నా, గుమ్మడి వంశావళి రాయాలన్నా సాక్ష్యానికి ఇక్కడికే రావాలి. నడినెత్తిన జూపిటర్ అధ్యక్షతన దేవసభ ఇంకా సాగుతూనే ఉంది. ఈ విషయం మీద అక్కడ ఇంతవరకు ఎవరూ అభ్యంతరం లేవదీసినట్టు లేదు.